మరువం పెట్టిన కంబళి

ఎవరు ఏ ప్రశ్న అడిగినా కంబగిరి స్వామి నేరుగా జవాబు చెప్పేవాడు కాదు. ఆశ్రమం ముందు నుంచి కొండకు పోయే మట్టిదారి వైపు చూస్తూ, ఆ దారిన ఎప్పుడో ఎవరో పోయిన సంగతి ఎత్తుకునేవాడు. నాగలింగం అడిగిన రోజున కూడా అంతే.

నాగలింగం ఆశ్రమంలో పశువుల పని చూసే శిష్యుడు. చిన్నప్పటి నుంచీ అతనికి దేవుడంటే తీరని బెంగ. సాయంత్రం పూట కొండ మీద వెలుగు పలచబడుతుంటే ఎందుకో తెలియకుండానే కళ్లు నిండేవి. ఆ రోజు పాక ఊడ్చే చీపురు పక్కన పడేసి, మూట కట్టుకుని వచ్చి స్వామి ముందు నిలుచున్నాడు.

"స్వామీ, నన్ను కొండగుహకు పోనివ్వండి. ఆయన తలపు ఒక్కటే నాకు మిగలాల. ఈ పేడలో, ఈ కుడితిలో అది రోజురోజుకూ మాసిపోతాంది. ఈ పనికీ ఆ తలపుకూ ఎట్లా పొసగుతాది?"

స్వామి దారి వైపు చూసి చెప్పడం మొదలుపెట్టాడు.

కింది ఊళ్లో సుంకులమ్మ అని గొర్రెలవాళ్ల కోడలు ఉండేదట. కాపురానికి వచ్చిన యేడే ఆమె పెనిమిటి బీరన్న మందను తోలుకుని వానాకాలమంతా నల్లమల మేతకు పోయాడు. పోతూ పోతూ కొత్త కంబళి ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. చింతగింజల గంజి పట్టించి, గొర్రెబొచ్చుతో నేసిన కంబళి అది. నిలబెడితే తలుపులాగా నిలబడేది, కప్పుకుంటే ఒళ్లంతా పల్లేరుకాయలు గుచ్చినట్టుండేది. "నేనొచ్చేసరికి దీన్ని మెత్తన చేసి పెట్టుమే" అన్నాడు. పెళ్లయ్యాక అతను ఆమెను నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

సుంకులమ్మ దాన్ని బండ మీద వేసి తొక్కింది. చేతుల్లో నలిపింది. వానజల్లుకు పరిచింది, ఎండకు దులిపింది. చివరికి తానే కప్పుకుని పడుకోవడం మొదలుపెట్టింది. మెడంతా ఎర్రగా గీరుకుపోయింది. అత్త చూసి, "ఏమ్మే, నా కొడుకుతో చేయకముందే కంబళితో కాపురం పెట్టినావే!" అని ఎగతాళి చేసింది. సుంకులమ్మ కొంగుతో మెడ కప్పుకుని నవ్వింది గానీ మానలేదు. కళ్లు మూసుకుంటే ఆ గరుకు అతని గడ్డం గరుకులా ఉండేది. ఎక్కడో అడవిలో పడుతున్న వాన ఇంట్లో పడుకున్న ఆమెకు వినబడేది. రోజూ కొంచెం, రోజూ కొంచెం, కంబళి ఆమె ఒంటికి లొంగింది. మెత్తనైంది. అయినా ఆమె ఆశ తీరలేదు. తలంటుకున్న నాడు జుట్టుకు పట్టినట్టే దానికీ సాంబ్రాణి పొగ పట్టించింది, మడతల్లో మరువం పెట్టింది. ఏ పరాయి పొలంలోనో అతను దాన్ని కప్పుకున్నప్పుడు తాను పక్కన ఉన్నట్టే అనిపించాలి, అదీ ఆ పిల్ల కోరిక. అంతకు మించి ఆమె దేవుణ్ణి ఏమీ అడగలేదు.

బీరన్న వచ్చాడు. పాత కంబళి అడవి ముళ్లకు పీలికలై దారిలోనే పోయింది. ఇంట్లో ఉండేది ఒక్క పూట. తెల్లారితే మందలన్నీ కలిసి కోతలైన పొలాలకు దిగిపోవాలి. అతను కొత్త కంబళిలో ముఖం పెట్టి చాలాసేపు తీయలేదు. "మే, ఇది కంబళా, నువ్వా?" అన్నాడు. ఆ ఒక్క మాటతో సుంకులమ్మకు వానాకాలమంతా తీరిపోయింది.

అది కప్పుకునే దడిలో ఉన్న మందలోకి పోయాడు. ముందు నడిచే పెద్ద గొర్రె ఒకసారి వాసన చూసి, బెదిరి, వెనక్కి తిరిగింది. దాని వెంట మందంతా చెదిరిపోయి దడికి అదుముకుంది. పిలిచాడు, ఈల వేశాడు. ఒక్కటీ దగ్గరకు రాలేదు. తోటి కాపరులు పడీ పడీ నవ్వారు.

"ఒరే బీరన్నా, నిన్ను పెండ్లికొడుకు అనుకుంటాండాయి రా! పెండ్లంటే పొట్టేలును కోస్తారని వాటికి తెలీదా ఏంది!"

ఒక ముసలి కాపరి మాత్రం నవ్వలేదు. "ఈ వాసనతో నువ్వు ముందు నడిస్తే మంద కదలదు నాయనా. దాన్ని ఇంట్లో పెట్టి రా" అన్నాడు.

బీరన్న కంబళి తీసి గుండెకు అదుముకున్నాడు. "ఉత్త ఒంటితోనే పోతాలే. దీన్ని ఉతకొద్దు మే. ఇట్లానే దాచిపెట్టు" అన్నాడు, దడి దగ్గరికి వచ్చిన భార్యతో.

ఏ ఆడదానికైనా ఆ మాట చాలు. దాచిపెట్టుకుంటే ఏమవును? సుంకులమ్మ అతని ఉత్త భుజాల వైపు చూసింది. చూసి, కంబళి లాక్కుంది. దడి దాటి, గొర్రెలు పడుకునే చోట, పెంటికలూ తడీ కలిసిన నేల మీద దాన్ని పరిచింది. మరువం రెమ్మలు ఏరి పారేయలేదు, కాలితో అందులోకే తొక్కేసింది. గొర్రెలు మొదట దూరంగా నిలుచున్నాయి. తర్వాత ఒక పిల్ల వచ్చి దాని మీద ముడుచుకుంది. దాని తల్లి వచ్చింది. పొద్దు గుంకేసరికి కంబళి కనబడలేదు, గొర్రెల వీపులే కనబడ్డాయి. ఆమె దడి పట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

తెల్లారి బీరన్న దాన్ని దులిపి కప్పుకుంటే పెద్ద గొర్రె వచ్చి అంచు నాకింది. మంద కదిలింది. సుంకులమ్మ పరుగున పోయి, అతని భుజం మీది కంబళిలో ముఖం పెట్టి చూసింది. గొర్రె వాసన. అంతకు మించి ఏమీ లేదు. "పోయి రా" అంది.

స్వామి అక్కడ ఆగాడు. నాగలింగం ఉండబట్టలేక అడిగాడు.

"అంత ఆశగా పెట్టుకున్నదంతా పోయె గదా స్వామీ. ఇంక ఆమెది అందులో ఏం మిగిలింది?"

"ఆ యేడు పొలాల్లో మంచు దండిగా కురిసిందంట నాయనా" అన్నాడు స్వామి. "కాపరులంతా కంబళ్లు కప్పుకునే వణికిపోయినారు. బీరన్న మాత్రం, నాకు చలి తెలియలేదే అన్నాడంట."