నక్క కాలేజీలో అందరూ ఫస్టే

గోగులకొండ అడవిలో జంతువులకు ఒక ఆసుపత్రి ఉండేది. అక్కడ వైద్యం ఎలుగుబంటి భల్లమ్మది. హస్తవాసి మంచిదే కాని, చిక్కల్లా చీటీలతోనే. ఎవరికి ఏ జబ్బో, ఎవరికి ఏ మందు పడదో రాసిపెట్టిన బెరడు చీటీలు గుట్టలుగా పడి ఉండేవి. ఒకసారి ఏనుగు చీటీ, కుందేలు చీటీ తారుమారై, ఏనుగుకు పొయ్యాల్సిన నిద్రమందు కుందేలుకు పోశారు. పాపం అది వానాకాలమంతా నిద్రపోయి లేచి, "ఈ ఏడు వానలు ఆలస్యమయ్యాయేం?" అని అడిగింది.

దాంతో సింహంగారు చాటింపు వేయించారు. చీటీల పని నేర్పే కాలేజీ పెట్టి, ఆసుపత్రికి పనికొచ్చే పిల్లల్ని తయారు చేసినవాళ్లకు తన వేటలో ఏటేటా వాటా ఇస్తానన్నారు.

వాటా అనే మాట చెవిన పడగానే నక్క నరసప్పకు నోరూరింది. మర్నాడే వెదురుపొద కింద కాలేజీ తెరిచాడు. కోతి కొండయ్య, చిలక చిట్టెమ్మ, తాబేలు, ఇంకా కొందరు చేరారు. ఏడాది తిరిగేసరికి అందరికీ నూటికి నూరే. చివర వచ్చిన తాబేలు కూడా ఫస్టే.

"మార్కులు బాగానే ఉన్నాయి. పిల్లల్ని భల్లమ్మ కూడా చూసి సరేననాలి" అన్నారు సింహంగారు.

మందులు మోసే ఏనుగును వెంటబెట్టుకుని భల్లమ్మ వచ్చింది. నరసప్ప తోక ఊపుకుంటూ ఎదురెళ్లాడు.

"రా అత్తా, కూర్చో. తేనె తాగుతావా?"

"పనయ్యాక తాగుతాలే అల్లుడూ. తేనె కడుపులో పడితే నాకు అందరూ తియ్యగానే కనిపిస్తారు."

నరసప్ప దగ్గి గొంతు సవరించుకున్నాడు. "ప్రశ్నలు నేనే అడుగుతానత్తా. నిన్ను చూస్తే పిల్లలు బెదురుతారు. చిట్టెమ్మా, రోగి చీటీ అంటే ఏమిటి?"

చిలక గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. "రోగి పేరు, జబ్బు, ఇచ్చిన మందు, పడని మందు పొల్లుపోకుండా రాసి, భద్రంగా దాచి, అడిగిన వెంటనే అందించేది రోగి చీటీ."

"భేష్. కొండయ్యా, నెమలి చీటీ తియ్యి."

కోతి బుట్టలో చెయ్యిపెట్టి చటుక్కున తీసిచ్చాడు. నెమలి చీటీయే.

"చూశావా అత్తా? కన్ను కూడా అటు తిప్పలేదు."

"అదే చూశాను" అంది భల్లమ్మ.

నరసప్ప మళ్లీ దగ్గాడు. అడగబోయే చీటీని ముందే బుట్టలో పైన పెట్టుకోవడం అతని పద్ధతి. ఏడాది పొడుగునా పరీక్షలన్నీ అలాగే గడిచాయి.

భల్లమ్మ లేచి, పులిహోర కలిపినట్టు బుట్టలో చీటీలన్నీ కలిపేసింది. "అల్లుడూ, నేనొచ్చినప్పటినుంచీ దగ్గుతున్నావు. మందిచ్చే పోతాను. కొండయ్యా, మీ మాస్టారి చీటీ తియ్యి నాయనా."

కోతి పైనున్న చీటీ తీసి, రెండు చేతులా అందించాడు.

"కడుపు ఉబ్బరం. తొట్టినిండా ఆముదం" అని చదివి, భల్లమ్మ బయట నిలబడ్డ ఏనుగును కేకేసింది. తొట్టి వచ్చింది.

నరసప్ప మెడ చాచి చూశాడు. చీటీ నెత్తిన 'అడవిదున్న' అని రాసి ఉంది. తాగితే ప్రాణం దక్కదు, కాదంటే వాటా దక్కదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"దగ్గు తగ్గిపోయిందత్తా" అని దగ్గాడు.

"వినపడుతూనే ఉంది. తాగు."

"ఆ చీటీ ఒక్కసారి సరిచూస్తే..."

"నేనెందుకు చూడాలి? చీటీలు తియ్యడంలో ఈ పిల్లాడికి ఎన్ని మార్కులేశావు?"

"నూరు."

"మరింకేం? వీడు తీసిన చీటీ నమ్మి రేపు అడవి అడవంతా మందు తాగాలి. ముందు నువ్వు తాగు, వాటా ఇప్పించే పూచీ నాది."

తొట్టి మూతి దగ్గరికొచ్చింది. ఆముదం వాసన ముక్కుకు తగిలేసరికి నరసప్ప నోట నిజం ఊడిపడింది. "అది దున్న చీటీ అత్తా. వీడికి పేరు చూడ్డం రాదు. పైనున్నది తియ్యడమొక్కటే వచ్చు."

కోతి బిక్కమొహం వేశాడు. "అదేంటి మాస్టారూ, పైనున్నది తీసినప్పుడల్లా మీరేగా భేష్ అన్నారు?"

"విన్నావా అల్లుడూ, పిల్లలు నువ్వు నేర్పింది నేర్పినట్టే నేర్చుకున్నారు. తప్పింది వాళ్లు కాదు" అంటూ భల్లమ్మ తొట్టి దింపింది.

వాటా మాట గాలికి పోయింది. భల్లమ్మ పిల్లల్ని ఆసుపత్రికి తీసుకుపోయి మళ్లీ మొదటినుంచి నేర్పించింది. ముందు రోగిని పేరు అడగాలి, ఆ పేరు చీటీలో చూడాలి, ఆ తర్వాతే అందించాలి. అభ్యాసానికి ఒక రోగి కావాలి కదా, పాఠం చెప్పే నరసప్పనే రోగిగా కూర్చోబెట్టారు. పిల్లలు ఏ చీటీ తెస్తే ఆ మందు అతను తాగాలి. ఆనాటినుంచి నక్క మాస్టారు పాఠం చెబుతుంటే, వెనక వరసలో తాబేలుకు కూడా అర్థమయ్యేదాకా వదిలిపెట్టేవాడు కాదు.

నీతి: శిష్యుడి చేతి మందు తాను తాగలేని గురువు వేసిన మార్కుల్ని ఊరు నమ్మకూడదు.