అంబారీ ఎక్కిన భట్టుగారు

ఆ ఏడు విజయదశమి మర్నాడు అన్యాయం జరిగింది ఎముకలు కట్టే తిరుపాలమ్మకి. రాజవైద్యుడు అనంతభట్టు ఇంట్లో పని నేర్చి, సొంతంగా వాకిట్లో చాప పరుచుకుందో లేదో, ఆయన రాజుగారి ముద్రతో పత్రం తెచ్చాడు. భట్టుగారు ఒప్పుకుంటే తప్ప, రెండామడల లోపు ఆమె ఎవరి ఎముకా ముట్టకూడదట!

రెండు నెలలు తిరక్కుండానే పట్టపుటేనుగు మావటి సోమన్న జారిపడ్డాడు. భుజం కీలు తప్పింది. సభకి మోసుకొచ్చారు.

"లేపనం పూస్తే ఆర్నెల్లకి సర్దుకుంటుంది ప్రభూ" అన్నాడు భట్టు, దూరంగా నిలబడే.

"ఆర్నెల్లా! ఇప్పుడే సరిచెయ్యకపోతే ఈ చెయ్యి ఇక లేవదు" అంది గుమ్మం దగ్గర్నుంచి తిరుపాలమ్మ. పాపం, చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది.

"పత్రం!" అని వేలెత్తాడు భట్టు.

రాజు తిమ్మభూపతి ఇరుకున పడ్డాడు. తాంబూలం పళ్ళెం పట్టే పేరిందేవి వైపు తిరిగాడు.

"నా ముద్ర నేను చెరపను. చెరపకుండా ఈమె చేత కట్టు కట్టించు. కట్టిస్తే ఈ కంకణం నీది. లేదా, శివరాత్రి దాకా నువ్వు నోరు మెదపకూడదు."

పేరిందేవి నోరు మెదపకపోవడమా! సభలో కొందరు అప్పుడే సంబరపడ్డారు.

ఆమె భట్టుకి వినయంగా తాంబూలం ఇచ్చింది. "ముద్రలు నాకేం తెలుసు ప్రభూ. ఇంతటి వైద్యుణ్ణి ఒక్కసారైనా పట్టపుటేనుగు ఎక్కించలేదు మనం. ఇవాళే ఊరేగిద్దాం. రేపట్నుంచి మూఢం, మూడు నెలలు ముహూర్తాల్లేవు."

"నాకెందుకమ్మా ఇవన్నీ" అంటూనే భట్టు ఉత్తరీయం సర్దుకున్నాడు. మేళగాళ్ళని పిలవమన్నాడు. మేడ మీంచి చూడమని మామగారింటికి కబురు కూడా పంపాడు.

"అన్నీ కుదిరాయి గానీ, ఏనుగే కదిలేట్టు లేదు" అని నిట్టూర్చింది పేరిందేవి. "సోమన్న చెయ్యి వేస్తే తప్ప అడుగెయ్యదు. ఆర్నెల్లు ఆగుదాం లెండి."

భట్టు సోమన్నని చూశాడు. వాకిట్లో ఎండ చూశాడు. మేడెక్కి కూర్చున్న మామగారు గుర్తొచ్చారు.

"తిరుపాలమ్మా, చూస్తావేం! కట్టు, తొందరగా కట్టు!"

ఆమె ఒక్క అంగలో వచ్చి, చెయ్యి పట్టి లాగి తిప్పింది. టక్కుమంది. సోమన్న కెవ్వుమని, ఆపైన వేళ్ళాడించి నవ్వాడు.

సభ గొల్లున నవ్వింది. అప్పటికి అర్థమైంది భట్టుకి.

"మరి నా ఇంట్లో నేర్చుకున్న విద్య ప్రభూ?" అని గొణిగాడు.

"మీ లేపనాల గుట్టు మీ దగ్గరే ఉంచుకోండి. జనం ఎముకలు మాత్రం ఎవరివి వాళ్ళవండీ!" అంది పేరిందేవి.

రాజు నవ్వాపుకుంటూ, "భట్టుగారూ, ఆ రెండామడల్నీ మీరే మీ గడప దాకా కుదించుకుంటారా, నడిచి ఊరేగుతారా?" అన్నాడు.

వీధిలో మేళం మొదలైంది.

"గడప చాలు ప్రభూ!"

భట్టు అంబారీ ఎక్కాడు. కంకణం పేరిందేవి చేతికెక్కింది. కోట గుమ్మం రాతి మీద ఆ గడప మాటా, తేదీ చెక్కించారు: మార్గశిర శుద్ధ విదియ, గురువారం.