పై మేకుకు వేలాడిన తాడు

చాకిరేవుకు అవతల, ఎర్రమట్టి దిబ్బ వెనక, కష్టం చేసుకు బతికే జంతువులన్నీ కలిసి ఒక పాతర తవ్వుకున్నాయి. దాన్నిండా ఎండు మేత, కాయలు ఇంకా అంటుకునే ఉన్న వేరుశనగ కట్టె. ఎవరి కూలి వాళ్ళ గంపలోనే ఉంటుంది గానీ, పిల్లలున్న తల్లులకు మాత్రం ఈ ఉమ్మడి పాతర నుంచి రోజూ ఒక మోపు అందుతుంది.

ఆ మోపు పెద్దదా చిన్నదా అన్నది తాడు చెబుతుంది. పాతర ముందు తుమ్మ గుంజ ఒకటి పాతారు. దానికి పైన ఒక మేకు, కింద ఒక మేకు. కూలి బాగా వచ్చే తల్లి తన మెడతాడును పై మేకుకు తగిలిస్తుంది. ఆమెకు చిన్న మోపు. రాబడి తగ్గిన తల్లి కింది మేకుకు తగిలిస్తుంది; ఆమెకు పెద్ద మోపు. ఎవరి తాడు వాళ్ళే మార్చుకోవాలి, ఇంకొకరిది ముట్టుకోకూడదు. పంచే పెద్దరికం ముసలి ఎద్దు తాతది. కాపలా నక్కది. రోజూ బయటికి తీసే కట్టె ఒకటే కొలత. తల్లులకు పంచగా మిగిలిందే నక్క కూలి.

రేవులో మూటలు మోసే గాడిద బూడిదమ్మ తాడు ఎప్పటినుంచో పై మేకుకే ఉంది. ఒళ్ళు వంచి పనిచేసేది, గంప నిండా చిట్టు, అదే తవుడు, తెచ్చుకునేది. పెద్దపిల్లకు చిన్న మోపు చాలేది. ఈ వేసవిలో మళ్ళీ ఈనింది. పని మానేసి పాకలో పడుకుంది. రేవు సావాసగాళ్ళు బాలింత కదా అని రోజూ పిడికెడు చిట్టు పంపుతున్నారు, అంతే. గంప అడుగు కనిపిస్తోంది. గువ్వంత పసిది పొదుగును కుమ్మి కుమ్మి, పాలు రాక, తల్లి మొహంలోకి చూస్తోంది.

తాడు కిందికి దించుదామని బూడిదమ్మ ఒక పొద్దున కాళ్ళీడ్చుకుంటూ గుంజ దగ్గరికి వచ్చింది. నక్క నీడలో పడుకుని శనక్కాయలు వలుచుకుంటోంది. తల్లుల మోపులు ఎంత చిన్నవైతే దాని పొట్ట అంత గుండ్రం.

"ఏం వదినా, పచ్చి ఒళ్ళుతో ఇంత దూరం వచ్చావ్?"

"తాడు దించుకుందామని, మరిదీ. పనికి పోవట్లేదు కదా."

నక్క వలుస్తున్న కాయ వదిలేసి లేచి కూర్చుంది. "అయ్యో పిచ్చి వదినా! దించావంటే నీ పని అయిపోయిందని ఊరంతా చాటినట్టే. రేపు రేవులో నీ మూటలు ఇంకో గాడిద ఎత్తుకోదూ?"

బూడిదమ్మ రేవు వైపు తిరిగి చూసింది.

"అదీగాక, రేవు నుంచి చిట్టు వస్తోందిగా? చిట్టు తింటూ తాడు దించితే దొంగ అనరూ?"

"పిడికెడే మరిదీ..."

"పిడికెడైనా చిట్టు చిట్టే. అంతెందుకు, గొర్రె సుంకులును అడుగు. నిరుడు ఈనగానే తాడు దించింది. ఈ ఏడు దాని మోపులో సగానికి సగం కోసేశారు. పిల్లలు ఏడుస్తుంటే చూసిన కళ్ళు ఇవి. నీ మేలు కోరి చెబుతున్నా, ఆపైన నీ ఇష్టం."

బూడిదమ్మ తాడు వైపు చూసింది. మూతి చాచితే అందే ఎత్తే. చాచలేక వెనక్కి వచ్చేసింది.

అక్కడినుంచి ఆమెకు కుదురు లేదు. దించితే పని పోతుందేమో. దించకపోతే పాలు రావు. ఇప్పుడు పెద్ద మోపు తీసుకుంటే రేపు కక్కమంటారేమో. పడుకుంటే ఇదే, లేస్తే ఇదే. సుంకులును అడుగుదామంటే, పాపం దాని పుండు మీద కారం చల్లినట్టు ఉంటుందని మొహమాటం. అలా అలా చంద్రుడు తరిగి మళ్ళీ పెరిగాడు.

చివరికి ఒకనాడు పసిది లేచి నిలబడబోయి, ముందుకాళ్ళు మడతపడి కూలబడింది. లేవమని మూతితో నెట్టినా లేవలేదు. బూడిదమ్మకు మొహమాటం ఎగిరిపోయింది. పరుగున సుంకులు దొడ్డికి పోయింది.

"చెల్లీ, ఒక్క నోరు కట్టె పెట్టు. నా పిల్ల లేవట్లేదు."

సుంకులు తన మోపు మొత్తం ముందుకు తోసింది. "తిను. అయినా నీకు పెద్ద మోపు రావాలే, నా దగ్గరికొచ్చావేం?"

"తాడు దించలేదు. దించినందుకే కదా నీ మోపు కోశారు?"

"ఎవరన్నారు?"

"నక్క మరిది."

సుంకులు ముక్కుతో బుస్సుమంది. "ఆ తోకగాడు సగమే చెప్పాడన్నమాట. దించినందుకు కాదక్కా కోసింది. దించాను, పెద్ద మోపు తిన్నాను, అంతవరకూ అంతా బాగుంది. తర్వాత ఉన్ని కోతలు మొదలై నా గంప మళ్ళీ నిండిందా? అప్పుడు తాడు పైకి ఎత్తడం మరిచాను. ఎత్తకుండా పంట చేతికొచ్చేదాకా పెద్ద మోపే తిన్నాను. ఎక్కువ తిన్నది ఈ ఏడు కోస్తున్నారు. నా తప్పే."

"మరి రేవులో నా పని?"

"గుంజకూ రేవుకూ ఏం సంబంధమక్కా? మూటలు మోసేవాళ్ళు తాళ్ళు చూడటానికి వస్తారా?"

బూడిదమ్మ నోట్లో ఉన్నది అక్కడే మింగి, ఇంకో నోరు కరుచుకుని పాకకు పరిగెత్తింది. పసిదాని మూతి పొదుగుకు ఆనించి, నాలుగు చుక్కలు దిగేదాకా కదలకుండా నిలబడింది. దిగాక నేరుగా గుంజ దగ్గరికి పోయింది.

తల్లులంతా మోపుల కోసం నిలబడి ఉన్నారు. "వదినా, తొందరపడకు..." అంటూ నక్క అడ్డం వచ్చింది. బూడిదమ్మ దాని మీదుగా మూతి చాచి, తాడు లాగి, అందరూ చూస్తుండగా కింది మేకుకు తగిలించింది.

ఎద్దు తాత తల తిప్పాడు. "ఎప్పుడు ఈనావమ్మా?"

"మల్లెలు విరగబూసినప్పుడు, తాతా."

"ఇన్నాళ్ళూ ఏం చేశావ్? నాకు గుంజ కనబడుతుంది గానీ నీ పాక కనబడదు కదా!"

"రేవు నుంచి పిడికెడు చిట్టు వస్తోంది తాతా. అది చెప్పకపోతే తప్పు, చెబితే మోపు రాదని..."

"చెప్పావుగా, మంచిది. బాలింతకు పంపే పిడికెడు రాబడి కాదని మనమే కదా అనుకున్నాం. దాన్ని మించి వస్తేనే లెక్క." తాత ఒక్క క్షణం నెమరు ఆపాడు. "పోయిన పున్నమి నుంచి నీకు రావలసింది ఇప్పిస్తాను. అంతకు ముందుది మాత్రం పోయినట్టే. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు అంతవరకే వెనక్కి వెళ్ళగలం."

"ఆ వచ్చేది ఎక్కడినుంచి తాతా?" అంది ఒక మేక.

"ఎవరి దగ్గరికి పోయిందో అక్కడినుంచే."

అందరూ నక్క పొట్ట వైపు చూశారు. కాయలు ఎప్పుడో అరిగిపోయాయి. అందుకని తిన్నదానికి బదులుగా, బాకీ తీరేదాకా నక్క తన కూలి వదులుకుని, బూడిదమ్మ మోపును రోజూ పళ్ళతో ఈడ్చుకుంటూ పాక దాకా చేర్చాలని తీర్పయింది. దారిపొడవునా మేకలు, "మరిదిగారు వదినకు సారె తెస్తున్నారర్రా!" అని పకపకలాడేవి.

వానలు పడేసరికి పసిది గంతులేస్తోంది. బూడిదమ్మ మళ్ళీ రేవుకు బయలుదేరింది. మొదటిరోజు దారి మళ్ళి గుంజ దగ్గరికి వచ్చింది. నక్క మెల్లగా దగ్గరికి జరిగింది.

"వదినా, ఇవాళే ఎందుకు? ఇంకొన్నాళ్ళు అలా ఉండనీ. ఎవరు చూస్తారు?"

బూడిదమ్మ దాని వైపు చూసింది. ఎక్కువ తింటే వచ్చే ఏడు కోస్తారని, కోసింది మిగులులోకి పోతుందని, ఆ మిగులు నక్క కూలేనని ఆమెకు ఇప్పుడు తెలుసు. తాడు తీసి పై మేకుకు తగిలించి, "నీ దయవల్ల మరిదీ, ఎక్కడం దిగడం రెండూ నేర్చుకున్నా" అని రేవు దారి పట్టింది.

నీతి: బతుకు మారిన రోజే మాట చెప్పుకో, సగం మాట విని భయపడి కూర్చుంటే నీ పిల్లల వాటా కాపలావాడి పొట్టలోకి పోతుంది.