ముందు మీరే మామా!

ఇప్పచెట్లు పూలు రాల్చే కాలంలో తేనెబండల కొండ మీద గాలి కూడా తియ్యగా ఉంటుంది. రాలిన పూలు బండ మీది గుంటలో పడి, నీళ్ళలో నాని, పులిసి కల్లులా నురగ కక్కుతాయి. మేకలు ఆ గుంట జోలికి పోవు. బండ మీంచి బండ మీదికి గురిగా దూకడమే వాటి బతుకు. కాలు తడబడిన మేక ఎవరికో ఒకరికి భోజనమే.

పెద్ద మేకల సంగతి అది. కొమ్ములు అప్పుడప్పుడే మొలుస్తున్న పిల్లల సంగతి వేరు. ఆ వయసులో తల ఊరికే దురద పెడుతుంది, ఎవరినో ఒకరిని కుమ్మాలనిపిస్తుంది, అమ్మ చెప్పిందల్లా చాదస్తంలా వినిపిస్తుంది. జిత్తన్న అనే నక్క ఆ గుంట పక్కన చేరి, సరిగ్గా ఆ వయసునే ఎంచుకుంది.

"రండి అల్లుళ్ళూ! కొమ్ములొచ్చాక కూడా ఇంకా పాలేనా? ఒక్క గుటక. ఒక్కటంటే ఒక్కటే. ఏం, భయమా?"

ముందు కర్రి అనే మేకపోతు పిల్ల వెళ్ళింది. భయమా అని అడిగితే వెళ్ళకుండా ఉండే వయసా అది? దాని వెనకే మరికొన్ని పిల్లలు. మొదట్లో అంతా నవ్వులే. కొన్నాళ్ళకు కర్రి నిద్ర లేవగానే గుంట వైపు చూడటం మొదలుపెట్టింది. ఒకరోజు, ఎప్పుడూ తప్పని బండ తప్పి, ముందుకాలు చీరుకుపోయింది.

మంద పెద్ద మేకపోతు గడ్డం ఊపుతూ అరిచింది. "ఆ వైపు వెళ్ళారో, కాళ్ళు విరగ్గొడతా!"

దాంతో అంతవరకూ గుంట సంగతే తెలియని పిల్లలు కూడా అదెక్కడుందో కనుక్కున్నాయి. తిట్లతో ఆగేదైతే లోకంలో ఇలాంటి గుంటలు ఇన్ని ఉండవు.

కర్రి అక్క బొల్లి ఏడుస్తూ ముసలి చుక్కవ్వ దగ్గరికి వెళ్ళింది. అవ్వ నెమరు ఆపకుండానే అంతా విని, ఒక్కటే అడిగింది.

"మీ నక్క మామ ఎంత తాగుతాడే?"

బొల్లి ఆలోచనలో పడింది. "తాగగా నేనెప్పుడూ చూళ్ళేదు అవ్వా. తమ్ముడి కోసం వెళ్ళినప్పుడల్లా చూశా. పిల్లల కాళ్ళ వంకే చూస్తూ కూర్చుంటాడు."

"కొత్త నీళ్ళ దగ్గర మన ఆచారమేంటి?"

"పెద్దవాళ్ళు మూతి పెట్టాకే పిల్లలు తాగాలి."

"ఆ ఆచారం నీళ్ళకొక్కటేనా?" అంది చుక్కవ్వ.

బొల్లి కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు పిల్లలతో పాటు బొల్లి కూడా గుంట దగ్గరికి వచ్చింది. నక్క వినయాలకు అంతే లేదు.

"వచ్చావా కోడలు పిల్లా! కూర్చో తల్లీ, ఇది నీ ఇల్లే అనుకో!"

"వచ్చా మామా. కానీ పెద్దలు ముట్టంది మేం ముట్టకూడదు, మా మంద ఆచారం. ముందు మీరే!"

"నాకెందుకే? నాకు పైత్యం చేస్తుంది."

"ఇంత పిల్లలకు చేయని పైత్యం, అంత మామకు చేస్తుందా? ఒక్క గుటక మామా. ఒక్కటంటే ఒక్కటే."

నక్క గొంతు సవరించుకుంది. కర్రి తలెత్తి చూసింది. ఇన్నాళ్ళలో మామ ఒక్కసారీ తాగలేదన్న సంగతి దానికి ఇప్పుడే తట్టింది.

"ఏం మామా, భయమా?" అంది బొల్లి.

పిల్లలన్నీ గొల్లున నవ్వాయి. పరువు పోతుందని నక్క మూతి ముంచింది.

"అది మా బొల్లక్క పేరు మీద. మరి నా పేరు మీద?" అంది ఒక పిల్ల. "నా పేరు మీద?" అంది ఇంకోటి. నేనంటే చిన్నచూపా అని మరొకటి అలిగింది. అలక తీర్చడానికో గుటక, పరువు నిలుపుకోవడానికో గుటక. అసలే నక్క, ఆపై తాగింది. ఇక నోటికి అదుపేముంది?

"పిచ్చి మేకల్లారా!" అని తోక నేలకేసి కొట్టింది. "ఊరికే పోయడానికి నేను మీ మేనమామనా? ఇదిగో, ఈ కర్రిగాడు ఇంకో వారం తాగితే దూకలేడు. అప్పుడు కూర్చున్న చోటికే కూడు! వాడి తొడలు చూశారా, ఎంత బాగున్నాయో!"

కర్రి చీరుకుపోయిన కాలు చూసుకుంది. సిగ్గేసింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది.

"దూకలేనా?" అంది.

నక్క నోరు తెరుచుకుని మీదికి ఉరికింది. పిల్లలు తలో బండా ఎక్కేశాయి. కర్రి కుంటికాలితోనే అన్నిటికంటే పై బండకు ఎగిరింది. కింద నక్కకు ఆ బండ రెండు బండలుగా కనిపించింది. రెండింట్లో లేనిదాన్ని చూసుకుని మరీ దూకింది! నేరుగా పోయి గచ్చపొదలో పడింది. ముళ్ళలోంచి బయటికొచ్చిన దాని వీపు మీద, మొలుస్తున్న ఆ బుల్లి కొమ్ములన్నీ దురద తీరేదాకా పనిచేశాయి. ఇక జిత్తన్న ఆ కొండ వైపు తల పెట్టి పడుకుంటే ఒట్టు!

ఆ పూటే మందంతా కలిసి గుంటను రాళ్ళతో పూడ్చింది. దగ్గరికెళ్తే ఆ వాసనకు కర్రి నోరు మళ్ళీ ఊరింది. ఊరిందని అక్కతో చెప్పింది కూడా. బొల్లి పక్కకు వచ్చి నిలబడింది. ఇద్దరూ కలిసి నెట్టిన బండే అన్నిటికంటే పెద్దది.

నీతి: తాను ముట్టనిది తెచ్చి మన మూతికి అందించేవాడికి మన మీద ఉన్నది ప్రేమ కాదు, ఆకలి.