పొద్దుటి గాలి

నరసింగం గారి దగ్గరికి ఎవరైనా ప్రశ్న పట్టుకొని వస్తే, ఆయన ముందు చింతపండు చేటను వాళ్ళ వైపు తోసేవారు. చేతులు గింజలు తీస్తూ ఉంటే నోరు అబద్ధం ఆడదని ఆయన నమ్మకం. భీమిలిలో ఆయన అరుగు మీద కూర్చుని గింజలు తీయని శిష్యుడు లేడు.

ఆ సాయంత్రం తవిటయ్య చాలాసేపు తీశాడు. తన కూతురిని నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే పిల్లలు లేని అన్నకు పెంపకానికి ఇచ్చినవాడు తవిటయ్య. మొదట్లో చూడ్డానికి వెళ్ళేవాడు. వెళ్ళి వచ్చిన ప్రతిసారీ పిల్లకు జ్వరం తగిలేది, అన్నం ముట్టేది కాదు. "నువ్వు రాకురా, పిల్ల కుదురుకోనీ" అని అన్న అతని చేతులు పట్టుకున్నాడు. తవిటయ్య మానేశాడు. ఇప్పుడా పిల్ల ఎదిగింది. ఆదివారం విశాఖపట్నంలో మొదటిసారి వేదికెక్కి నాట్యం చేయబోతోంది.

"వెళ్ళాలని ఉంది బాబూ. నన్ను చూసి అది తడబడితే? వెళ్ళకపోతే నేను బతకలేనేమో. ఏటి చెయ్యమంటారు?"

నరసింగం గారు జోగులు అనే మనిషి సంగతి ఎత్తుకున్నారు.

జోగులు ఏడాదికోసారి విశాఖ సముద్రం ఒడ్డున జరిగే కుక్కల పోటీలో రింగు స్టివార్డుగా పనిచేసేవాడు. తాడు కట్టిన బరిలోకి నంబరు ప్రకారం కుక్కలను పిలవడం, వరసలో నిలబెట్టించడం, గెలిచినదానికి కట్టే రిబ్బను జడ్జి చేతికి అందించడం, ఏ కుక్కయినా బరిలో పాడుచేస్తే ఫినాయిలు చల్లి కడిగించడం అతని పని. స్టివార్డు కుక్కను తాకకూడదు, ఏ కుక్క గురించీ జడ్జితో మాట్లాడకూడదు. జోగులు ఎన్నడూ ఆ నియమం తప్పి ఎరగడు.

అతనికి ఒకప్పుడు మినుము అని ఒక నల్ల లాబ్రడారు ఉండేది. కళ్ళు తెరవని కూనగా తెచ్చి దూదితో పాలు పట్టి పెంచాడు. తర్వాత భార్యకు ఉబ్బసం ముదిరింది. ఇంట్లో బొచ్చు ఉండకూడదన్నాడు డాక్టరు. మెర్సీ టీచరమ్మ అని ఒక మంచి మనిషి చేతిలో పెట్టాడు. మినుము రెండుసార్లు గొలుసు తెంపుకొని వచ్చేసింది. అతను వెళ్ళి చూసి వస్తే చాలు, గిన్నె వైపు చూసేది కాదు. "నీ మీద కోపం లేదు బాబూ, కానీ రావద్దు. అది చచ్చిపోతుంది" అంది మెర్సీ. ఆ రోజు నుంచి జోగులు ఆ వీధిలోకి పోలేదు.

ఒక ఏడు పోటీకి వచ్చే కుక్కల పట్టీలో మినుము పేరు ఉందని అతనికి ముందే తెలిసింది. ఆ రోజుకు పని మానుకుంటే సరిపోయేది. మానుకోలేదు. తెల్లవారగానే వచ్చి, గాలి కొండ మీద నుంచి సముద్రం వైపు పోతోందని చూసుకొని, తన బల్లను బరికి సముద్రం వైపు వేసుకున్నాడు. కుక్క వాసన తనకు వస్తుంది. తన వాసన కుక్కకు పోదు. గొంతు కూడా వినిపించకూడదు గనక నంబర్లు పిలిచే పని తోటి స్టివార్డు ప్రకాశానికి అప్పగించాడు.

"గొంతు పట్టేసింది రా" అన్నాడు గుసగుసగా.

"ఇందాక టీ కొట్టు దగ్గర చక్కెర తక్కువైందని ఊరంతా వినపడేలా అరిచావు కదా. అప్పుడు పట్టలేదేటి?" అన్నాడు ప్రకాశం. అయినా పిలిచాడు.

మినుము బరిలోకి వచ్చింది. మూతి దగ్గర కాస్త నెరిసింది. మెర్సీ పక్కన బుద్ధిగా నడిచింది. ఆ గాలిలో తడి బొచ్చు వాసన, చెవులకు రాసిన కొబ్బరినూనె వాసన జోగులు దాకా వచ్చాయి. అతను కళ్ళు మూసుకొని నిలబడ్డాడు. జడ్జి ఒక్కొక్క కుక్క పళ్ళు చూస్తూ, కాళ్ళు తడుముతూ తీరిగ్గా వస్తున్నాడు. జోగులుకు ఆ తీరిక బాగుంది.

ఎండ ఎక్కింది. బరి చుట్టూ కట్టిన రంగు కాగితాలు ఒక్క క్షణం వాలిపోయాయి. మళ్ళీ లేచేసరికి అటు తిరిగి రెపరెపలాడుతున్నాయి. సముద్రపు గాలి మొదలైంది. అది జోగులు వీపు మీదుగా బరిలోకి పోతోంది.

జడ్జి అప్పుడే మినుము ముందు వంగాడు. మినుము ముక్కు పైకెత్తింది. చెవులు రిక్కించింది. ముందు కాలొకటి నేల వదిలింది. "నిలబడమ్మా, ఏమైందే నీకు" అంటూ మెర్సీ తాడు బిగించింది.

జోగులు బల్ల కింది ఫినాయిలు సీసా తీసి, మూత విప్పి, గుండెల మీద గుమ్మరించుకున్నాడు. మెడకూ చేతులకూ పులుముకున్నాడు. తాడు అవతల జనం నవ్వారు. "బరి కడగమంటే తననే కడుక్కుంటున్నాడేటి" అన్నారెవరో. ఘాటుకు అతని కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

మినుము ఎత్తిన కాలు దించింది. రాయిలా నిలబడింది. జడ్జి దానివైపే వేలు చూపించాడు.

రిబ్బను పట్టుకెళ్ళాల్సింది జోగులే. బరి మధ్యకు వెళ్ళి జడ్జి చేతికి ఇచ్చాడు. మినుము చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. అది తుమ్మింది. అతని వైపు నుంచి మొహం తిప్పుకొని మెర్సీ చీర చాటుకు పోయింది. మెర్సీ అతని తడి చొక్కా వైపు చూసింది, మొహం వైపు చూసింది.

"ఒలికిందా బాబూ?" అంది మెల్లగా.

జోగులు అవునని తల ఊపి, వెనక్కి నడుచుకుంటూ తన బల్ల దగ్గరికి వచ్చాడు.

నరసింగం గారు అక్కడితో ఆపారు. తవిటయ్య చేతులు చేటలోనే ఉండిపోయాయి.

"అన్నేళ్ళ తర్వాత ఎదురుపడితే, అది మొహం తిప్పేసుకుంది. ఈ మాత్రానికి ఆ రోజు వెళ్ళడమెందుకు బాబూ? ఏం దక్కింది అతనికి?"

నరసింగం గారు చేట తన వైపు లాక్కొని ఒక గింజ తీశారు.

"పొద్దుటి గాలి అతనిదే కదా, నాయనా" అన్నారు.