స్వరూప వేసిన గళ్ల ఏనుగు

పుట్టపాకలో స్వరూప అనే అమ్మాయి ఉండేది. ఏ పని నేర్చుకున్నా మొదటి పాఠం వదిలేసి చివరి పాఠం దగ్గరికి ఉరికేది. వంట మొదలుపెట్టిన రోజే బిర్యానీకి పూనుకుని, ఇంటిల్లిపాదికీ మజ్జిగన్నం తినిపించిన ఘనత ఆమెది. అయినా తొందర తగ్గలేదు.

ఆమె తల్లి భారతమ్మ ఇక్కత్ చీరలకు చిటికి కట్టేది. అంటే, రంగు అంటకూడని చోట నూలుకు రబ్బరు పట్టీ చుట్టి ముడి వేసేది. పెళ్లయిన కొత్తలో సొంతంగా ఒక ఏనుగు బొమ్మను ఊహించి కట్టింది. ఆ చీర ఎవరింటికి పోయిందో తెలియదు. ఫోటో కూడా లేదు. "ఒక్కసారి నా ఏనుగును మళ్ల చూడాలనుంది" అని అప్పుడప్పుడు అంటూ ఉండేది.

స్వరూప సొంతంగా ఒక వెబ్‌సైటు తయారు చేసుకుంటోంది. మొదటి పేజీలో అమ్మ ఏనుగును పెడతానని మాట ఇచ్చింది. అంతటితో ఆగిందా? ఆదివారం వచ్చి చూడమని, అమ్మతో పనిచేసే ఆడవాళ్లందరినీ పిలిచేసింది.

బొమ్మను పిక్సెల్ ఆర్ట్‌లో వేయాలనుకుంది. కంప్యూటరులో ఒక్కో గడికి ఒక్కో రంగు నింపుతూ బొమ్మ వేయడమన్నమాట. "అడ్డం పదహారు గళ్లు, నిలువు పదహారు గళ్లు, మూడు రంగులు చాలు" అంది ఆ కళ నేర్పే వెబ్‌పేజీలోని మొదటి పాఠం.

"పదహారు గళ్లలో ఏనుగా? చీమ కూడా పట్టదు" అని స్వరూప నవ్వుకుంది.

ఇక్కత్ చీరలో బొమ్మ అంచులు పక్క రంగులోకి మెత్తగా పాకినట్టు ఉంటాయి. ఆ అందమే తెద్దామని అడ్డం రెండు వందలు, నిలువు రెండు వందల గళ్లు తెరిచింది. అమ్మను అడగకుండానే తనకు తోచిన ఏనుగును వేసి, దాని చుట్టూ ఎరుపు, లేత ఎరుపు, ఇంకా లేత ఎరుపు పులిమింది. మొత్తం నలభై రంగులు వాడింది. వారం రోజులు పట్టింది.

శనివారం సాయంత్రం తల్లిని పిలిచి చూపించింది. భారతమ్మ కళ్లద్దాలు తుడుచుకుని ఒకసారి దగ్గర నుంచి, ఒకసారి దూరం నుంచి చూసింది.

"మంచిగుంది బిడ్డా. గోనెసంచి గదా?" అంది.

"అమ్మా! నీ ఏనుగే!"

"అట్లనా" అంది భారతమ్మ. ఆమె ముఖం చిన్నబోయింది. అమ్మ ఎంత ఆశ పెట్టుకుందో అప్పుడు తెలిసి స్వరూపకు గుండె కలుక్కుమంది.

"చీరల ఉన్నట్టే అంచులు మెత్తగ చేసిన గదమ్మా?"

"అంచులు నేను మెత్తగ చేస్తనా? గ్రాఫు కాగితం మీద గళ్లు లెక్కవెట్టి గుర్తులు పెడ్త. గట్టిగ ముడేస్త. అద్దకంల రంగే ఇంత లోపలికి పాకుతది. నువ్వు ముడెయ్యకుండనే రంగు పాకిచ్చినవ్."

స్వరూప తాను పులిమిన ఎరుపుల వైపు చూసుకుంది. పుట్టినప్పటి నుంచి అమ్మ చీరలు చూసింది గానీ, అమ్మ గళ్ల కాగితం వంక ఏనాడూ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే మొదటి పాఠం తెరిచి కూర్చుంది. "అమ్మా, నీ ఏనుగుకు అడ్డం ఎన్ని గళ్లు?"

"పద్నాలుగు."

స్వరూప సిగ్గుపడి, కంప్యూటరు పక్కన తల్లికి పీట వేసింది. భారతమ్మ కళ్లు మూసుకుని చెప్పసాగింది. "కింది వరుస. రెండు గళ్లు కాలు, మూడు ఖాళీ, మళ్ల రెండు కాలు." స్వరూప ఒక్కో గడీ నింపింది. తప్పితే చెరిపి మళ్లీ నింపింది. తొండం దగ్గర భారతమ్మ కళ్లు తెరిచి, "ఒక గడి ఎక్కువైంది. నా ఏనుగు తొండం పైకెత్తుతది" అని దిద్దించింది. అన్నం వేళకు పని పూర్తయింది.

మధ్యాహ్నం ఆడవాళ్లు వచ్చారు. స్వరూప నోరు తెరిచేలోపే వాళ్లలో పెద్దది, ఆనాటి చీరను చూసిన ఎల్లమ్మ తెర వైపు చేయి చూపి, "అగో, భారత ఏనుగు!" అని కేక పెట్టింది.

భారతమ్మ లేచి వెళ్లి, తెర మీద ఏనుగు వీపును వేలితో నిమిరింది. "వచ్చినవా" అంది.

చేయి తిరిగినవాళ్ల పనిలోని సొగసు మనకూ కావాలంటే, వాళ్లు దిద్దిన మొదటి గడి నుంచే మనమూ దిద్దాలి. తొలి పాఠాన్ని చిన్నచూపు చూసినవాళ్లకు ఏ విద్యా పట్టుబడదు.