ఉత్తుత్తి విన్నపాలు

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజుగారికి కోట ఉంది, ఏనుగు ఉంది, పైథాన్ అనే కంప్యూటరు భాషలో రాయించుకుంటున్న వెబ్‌సైటు కూడా ఉంది. చోద్యమనుకోకండి. బావులన్నీ ఎండిపోతే రాజు మాత్రం ఏం చేస్తాడు? పల్లెవాళ్లు సైటులో ఊరి పేరు రాసి మీట నొక్కితే కోట నుంచి నీళ్ల ట్యాంకరు బయలుదేరాలి. ఉన్నవి మూడే ట్యాంకర్లు.

సైటు రాస్తున్నది మాణిక్యాంబ. పాపం, ఆరు నెలలుగా రాసి రాసి డస్సిపోయింది. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట చెడేది. సరిచేసిన ప్రతిసారీ 'తాటిపాడు' అని రాసి, తనే మీట నొక్కి చూసుకునేది.

సైటు ఇంకా జనానికి తెరవలేదు. అయినా విన్నపం అందితే ట్యాంకరు కదలాల్సిందేనని రాజాజ్ఞ. సైటును ట్యాంకర్లకు కలిపిన మొదటి రోజు ట్యాంకరు తాటిపాడు వెళ్లింది. రెండో రోజూ వెళ్లింది. మూడో రోజు డ్రైవరు సత్తెయ్య చెమటలు కక్కుతూ వచ్చాడు.

"అమ్మా, తాటిపాడులో తొట్లు పొర్లిపోతున్నాయి. ఇయ్యాళ వంతు చింతమోటుది. అక్కడ ఆడోళ్లు పొద్దుట్నుంచీ బిందెలతో నిలబడున్నారు."

మాణిక్యాంబకు ఏడుపొచ్చింది. "చూసుకోకుండా ఎలా వదిలేది, తాతా?"

"చూసుకోవద్దన్నానా? మా మనవరాళ్లు బొమ్మల పెళ్లి చేస్తారు. దానికి నిజం పంతుల్ని పిలుస్తారా ఏంటి?"

ఆమెకు సిగ్గేసింది. పైథాన్‌లో అందుకు కావలసిన సరంజామా ఉండనే ఉంది. విన్నపాన్ని ప్రోగ్రామే ఉత్తుత్తిగా పంపేలా పరీక్షలు రాసింది. ట్యాంకరు స్థానంలో "కబురందింది" అని మాత్రమే పలికే ఉత్తుత్తి ట్యాంకరును నిలబెట్టింది. కోటలో ఒక్క చక్రం కదలలేదు. పరీక్షలన్నీ నెగ్గి పచ్చగా వెలిగాయి.

"భేష్! రేపే తెరుద్దాం," అన్నాడు మంత్రి.

కానీ మాణిక్యాంబ మనసు ఒప్పుకోలేదు. విన్నపాలన్నీ తను రాసినవే, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. జనం ఎలా అడుగుతారని సత్తెయ్యనే అడిగింది.

"ఒకడు ఊరి పేరు రాయకుండా నొక్కుతాడు. ఒకడు లేని ఊరి పేరు రాస్తాడు. దాహంతో ఉన్నోడు మూడుసార్లు నొక్కుతాడమ్మా."

ఆ మూడు పరీక్షలూ రాసింది. మూడూ తప్పి ఎర్రబడ్డాయి. మూడోదానిలో ఉత్తుత్తి ట్యాంకర్లు మూడూ ఒక్క ఊరికే పోయాయి!

"ఆ మూడూ తీసెయ్. మిగతావి పచ్చగానే ఉన్నాయిగా," అన్నాడు మంత్రి.

తీసేస్తే ఇంటికెళ్లి పడుకోవచ్చు. ఆమెకు నిజంగానే తీసేయాలనిపించింది. అయినా కాళ్లీడ్చుకుంటూ రాజు దగ్గరకు వెళ్లింది.

"ప్రభూ, రేపు తెరవలేం. నాలుగు రోజులివ్వండి."

"ఉత్తుత్తి విన్నపాలకు ఇంత భయమా?" రాజు కసిరాడు.

"ఇవాళ పోయినవి ఉత్తుత్తి ట్యాంకర్లు, ప్రభూ. రేపు నిజంవి పోతే చింతమోటు ఏం తాగుతుంది?"

రాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి రేపటి దండోరా ఆపించాడు. నాలుగు రోజులు దొరికాయి.

తెరిచిన నాడు మొదటి విన్నపం చింతమోటు ముసలమ్మది. ఆమె మూడుసార్లు నొక్కింది. ఒక్క ట్యాంకరే కదిలింది. తక్కిన రెండూ వేరే పల్లెలకు వెళ్లాయి. అది చూసి, సంబరపడే ఓపిక కూడా లేక, మాణిక్యాంబ బల్లమీదే తలవాల్చి నిద్రపోయింది. రాజుగారు ఆమెను లేపవద్దన్నారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట్లో బయటపడ్డ తప్పును దాచినవాడు రెండుచోట్లా ఓడిపోతాడు.